మెరకవీడు నాటకశాలలో మేఘం

పక్కనున్న ఇసకపాడు సంస్థానం వారు గోడ గడియారం కొనుక్కున్నారు కాబట్టి మెరకవీడు సంస్థానం వారికి నాటకశాల అవసరమైంది.

ఆ గడియారం వలందా దేశపు దొరల ఓడలో వచ్చింది. గంటకోసారి దాని కడుపులోంచి చెక్క సిపాయి ఒకడు బయటికి వచ్చి, చిన్న సుత్తితో గంట కొట్టి, మళ్లీ లోపలికి పోయేవాడు. ఇసకపాడు రాజావారు చుట్టుపక్కల ప్రభువులందరినీ పిలిచి, విందు చేసి, ఆ సిపాయిని చూపించారు. మెరకవీడు ప్రభువు రాజా తిరుపతిరాజు బహద్దరు వారు కూడా వెళ్లారు. సిపాయి బయటికి వచ్చేదాకా ఓపిగ్గా కూర్చున్నారు. వాడు గంట కొట్టాక "బాగుంది" అన్నారు. ఇంటికొచ్చి రెండు పూటలు అన్నం ముట్టుకోలేదు.

కొలువులో పెద్దలు సమావేశమై, గడియారాన్ని మించిన వస్తువు ఏదో ఒకటి మన దగ్గర లేకపోతే సంస్థానం పరువు దక్కదని తీర్మానించారు. ఆ వస్తువు ఏమిటన్న దగ్గర పేచీ వచ్చింది. ఒకరు ఫిరంగి అన్నారు. ఇంకొకరు ఒంటె అన్నారు. అప్పుడు దుబాసీ పేరంనాయుడు లేచాడు. దొరలు మాట్లాడింది దివాణానికీ, దివాణం మాట్లాడింది దొరలకీ చెప్పడం అతని ఉద్యోగం. రేవుల్లో పరాసు వాళ్ల దగ్గరా బుడతకీచుల దగ్గరా పనిచేసి, వాళ్ల భాషలు కొన్నీ, అలవాట్లు కొన్నీ పట్టుకొచ్చిన మనిషి.

"కోరంగి రేవులో ఇటలీ దేశపు దొర ఒకాయన ఉన్నారండి. రాజులకి నాటకశాలలు కట్టడమే ఆయన పని. ఆ మేడల్లో ఆట ఆడేటప్పుడు దేవుళ్లు మేఘం మీద కూచుని పైనించి కిందకి దిగుతారంటండి."

అప్పటిదాకా తలగడకు చేరబడి వింటున్న రాజావారు నిటారుగా కూర్చున్నారు.

"మేఘం దిగుతుందా?"

"దిగుతుందండి మహాప్రభో. పరాసు కప్తాను కళ్లారా చూశాడంట. చూసి టోపీ తీసేశాడంట."

ఫిరంగీ ఒంటే అక్కడితో ఆగిపోయాయి.

ఆ దొర పేరు అంబ్రోజియో గల్లెరాని. సొంత ఊళ్లో కట్టింది తక్కువ, పరాయి దేశాల్లో కట్టింది ఎక్కువ. ఒక రాజు నాటకశాల పూర్తయ్యాక యుద్ధం వచ్చిందని అందులో గుర్రాలను కట్టించాడు. ఇంకొక చోట రాణిగారు, పాటగాళ్లు మరీ గట్టిగా పాడుతున్నారని వేదికకు తలుపులు బిగించమన్నారు. విసుగెత్తిపోయి ఉండగా దక్షిణాన ఏదో రేవు నుంచి ఒక గవర్నరు రమ్మని కబురు పెట్టాడు. ఈయన ఓడ దిగేసరికి ఆ గవర్నరు మారిపోయాడు. కొత్త గవర్నరుకు సంగీతం కన్నా బియ్యం ఇష్టం. అలా ఒక్కో రేవే దాటుకుంటూ కోరంగి చేరి, బియ్యం గిడ్డంగులకు గుమ్మాలు గీసి బతుకుతున్నాడు. ఆయన గీసిన గుమ్మాల మీద వాద్యాలు పట్టుకున్న దేవకన్యలు ఎగురుతూ ఉండేవారు. వాళ్ల కింద నుంచి కూలీలు బస్తాలు మోసుకుపోయేవారు.

మెరకవీడు నుంచి పిలుపు రాగానే ఆయన పల్లకీ కోసం కూడా ఆగకుండా ఎడ్లబండి ఎక్కి వచ్చేశాడు. సన్నగా, పొడుగ్గా, ఎండకు కమిలిన ముక్కుతో, ఆ ఎండలోనే జుట్టుటోపీ పెట్టుకుని వచ్చి, రాజావారి ముందు ఒక చెక్కపెట్టె తెరిచాడు. అందులో అరచేతిలో పట్టేంత చిన్న నాటకశాల ఉంది. చిన్న వేదిక, చిన్న తెరలు, పైన దూదితో చేసిన చిన్న మేఘం. దారం లాగితే మేఘం మెల్లగా కిందికి దిగింది.

రాజావారు దారం తన చేతిలోకి తీసుకున్నారు. మేఘాన్ని దింపారు. ఎత్తారు. మళ్లీ దింపారు. దివాణం పనులన్నీ ఆగిపోయి, రైతులు ముంగిట్లో నిలబడి ఉన్నా ఆ దారం వదల్లేదు.

"ఇదే పెద్దది కావాలి. మేము అందులో కూర్చుని చూడాలి," అన్నారు. ఆ మాట అన్నప్పుడు నడివయసు దాటిన ఆయన ముఖంలో ఎవరూ ఎప్పుడూ చూడని సంబరం కనిపించింది.

అంబ్రోజియోకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని దేశాలు తిరిగితే ఇన్నాళ్లకు మేఘం కోసం మేఘాన్ని కోరే రాజు దొరికాడు. దివాణంలో ఎవరికీ ఆయన పేరు నోరు తిరగలేదు కాబట్టి ఆ సాయంత్రానికే ఆయన అంబురాజు గారైపోయాడు.

పని మొదలుపెట్టబోయే ముందు ఆయన్ను తాజీము దరోగా కచేరీకి రమ్మన్నారు.

తాజీము అంటే ప్రభువుకు జరగాల్సిన మర్యాద. ఎవరు ఎంత వంగాలి, ఎవరు ఎంత దూరంలో ఆగాలి, ఎవరి చెప్పులు ఏ గుమ్మం దగ్గర వదలాలి అన్నవన్నీ రాజావారి తాతగారి కాలంలో నిర్ణయమై ఉన్నాయి. వాటిని కాపాడే ఉద్యోగి తాజీము దరోగా. ఆ ఉద్యోగం నేమాని వారి ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కి వస్తోంది. ఇప్పుడున్నాయన పేరు లింగన్న మంత్రి. చెడ్డవాడు కాదు. రాజావారంటే ప్రాణం పెట్టేవాడు. చిన్నప్పుడు రాజావారికి జ్వరం వస్తే లింగన్న మంత్రి కూడా పథ్యం తిన్నాడని చెప్పుకుంటారు. కాకపోతే, ఒక్క మర్యాద జారినా సంస్థానం మొత్తం జారిపోతుందని ఆయన గట్టిగా నమ్మాడు.

అంబురాజు నేల మీద పటం పరిచాడు. గుర్రపు లాడం ఆకారంలో అయిదు అంతస్తులు, ఒకదాని మీద ఒకటి. ఎదురుగా వేదిక. రెండో అంతస్తులో, సరిగ్గా వేదికకు ఎదురుగా, రాజావారి గది.

లింగన్న మంత్రి ఆ పటాన్ని చాలాసేపు చూశాడు.

"ఈ మూడవ అంతస్తునందు ఎవరు ఆసీనులగుదురు?"

పేరంనాయుడు అడిగి చెప్పాడు. "ఉద్యోగస్తులండి."

"నాలుగవ దాని యందు?"

"షావుకార్లండి."

"అయిదవ దాని యందు?"

"మామూలు జనం అంటున్నారండి. నౌకర్లూ అదీని."

లింగన్న మంత్రి కళ్లు మూసుకున్నాడు. "అనగా నౌకరు పాదములు షావుకారు శిరస్సు మీదను, షావుకారు పాదములు ఉద్యోగి శిరస్సు మీదను, వీరందరి పాదములు శ్రీవారి కిరీటము మీదను ఉండును. ఎవ్వని ఆసనమును శ్రీవారి ఆసనమునకు ఊర్ధ్వమున ఉండరాదు. ఇది తాజీములో మొదటి నిబంధన."

"మా దేశాల్లో అలాగే కూచుంటారని అంటున్నారండి," అన్నాడు పేరంనాయుడు.

"అందుచేతనే అక్కడ యుద్ధములు జరుగుచున్నవి," అన్నాడు లింగన్న మంత్రి.

తప్పదు కాబట్టి రాజావారి గది అయిదో అంతస్తుకు మారింది. ఇటలీలో ఆ అంతస్తులో దీపాలు తుడిచేవాళ్లూ బండ్లు తోలేవాళ్లూ కూర్చుని వేరుశనక్కాయల్లాంటివేవో నములుతారని అంబురాజు గొంతు చించుకుని చెప్పాడు. పేరంనాయుడు కాసేపు ఆలోచించి, "చిత్తం అంటున్నారండి," అని అనువదించాడు.

కొత్త పటం వచ్చింది. లింగన్న మంత్రి వేదిక పైన వేలు పెట్టాడు. "ఇది ఏమి?"

"మేఘం అండి. విష్ణుమూర్తి దీని మీద దిగుతాడండి."

"ఎచ్చటి నుండి దిగును?"

"పైనించండి."

"శ్రీవారికి పైనుండియా?"

కచేరీలో గుమాస్తాలందరూ రాత ఆపేశారు.

"మంత్రిగారూ, ఆయన దేవుడు కదండీ," అన్నాడు పేరంనాయుడు నెమ్మదిగా.

"దేవుడైనచో నిబంధన వర్తించదు. కాని దేవుని వేషము వేయునది ఎవరు? కుప్పాసాని. ఆట ఆడు మేళమునకు నాయకురాలు, ఈ సంస్థానపు ప్రజ. సదరు ప్రజ, సదరు మేఘముతో సహా, శ్రీవారి శిరస్సునకు పైభాగమున సంచరించుట ఎట్లు కుదురును?"

ఈసారి రాజావారి గది అయిదో అంతస్తు కూడా దాటి, పైకప్పు కిందికి, కప్పీలూ మోకులూ ఉండే అటక వెనక కొసకి వెళ్లింది. మేఘం ఆయన పాదాల కన్నా కింద వేలాడేలా కుదిరింది. అటక మీద కూర్చున్న మనిషికి వేదిక కనపడదనీ, మోకులు కట్టే ఓడ కళాసీల వీపులు తప్ప ఏమీ కనపడవనీ అంబురాజు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

లింగన్న మంత్రి శాంతంగా చెప్పాడు. "శ్రీవారు నాటకమును చూచుట ముఖ్యము కాదు. శ్రీవారు నాటకశాలయందు ఉండుట ముఖ్యము."

తర్వాత వీపుల సంగతి వచ్చింది. ప్రభువుకు ఎవరూ వీపు చూపకూడదన్నది తాజీములో రెండో నిబంధన. వేదిక కేసి చూస్తూ కూర్చున్నవాడి వీపు సహజంగా వెనక పైనున్న రాజావారి కేసే ఉంటుంది. అందుకని పీటలన్నీ తిరగేశారు. చూడ్డానికి వచ్చినవాళ్లు వేదిక కేసి వీపు పెట్టి, మెడలెత్తి, పైకప్పు కేసి చూస్తూ కూర్చోవాలి.

అంబురాజు పటాన్ని ముక్కలు ముక్కలుగా చింపేశాడు. జుట్టుటోపీ నేలకేసి కొట్టాడు. తన భాషలో లింగన్న మంత్రినీ, ఆయన తాత ముత్తాతల్నీ, వాళ్లు పెంచిన ఆవుల్నీ కూడా వదలకుండా మాట్లాడాడు. అదంతా అయ్యాక అందరూ పేరంనాయుడి వంక చూశారు.

"తలనొప్పిగా ఉందంటున్నారండి," అన్నాడు పేరంనాయుడు.

మర్నాడు అంబురాజు మూట కట్టుకుని బండి పురమాయించాడు. బియ్యం గిడ్డంగులే నయం, బస్తాలకు మర్యాదలు ఉండవు అనుకున్నాడు. బండి కోట గుమ్మం దాటబోతుంటే రాజావారు పిలిపించారు. అక్కడ ఎవరూ లేరు, మధ్యలో పేరంనాయుడు తప్ప. రాజావారి పక్కన ఆ చెక్కపెట్టె ఉంది.

"వెళ్లిపోతున్నారట," అన్నారు రాజావారు.

"మహాప్రభో, నేను కట్టేది నాటకశాల కాదు. అందులో నాటకం ఎవరికీ కనపడదు. మీకు అసలే కనపడదు. ఒక్క మాట సెలవివ్వండి. ఆ నిబంధనలు పక్కన పెట్టమని."

"లింగన్నతో నేను ఈ మాట అన్నాను. ఏలినవారి మర్యాదను తగ్గించే అధికారం ఏలినవారికి లేదన్నాడు. తాతగారు అలా రాయించి వెళ్లారు," అన్నారు రాజావారు. గొంతు తగ్గించారు. "అంబురాజు గారూ, నేను పుట్టిన దగ్గర్నించీ ఎవరి మొహమూ సరిగా చూడలేదు. అందరూ వంగే ఉంటారు. తలపాగాలు బాగా తెలుసు నాకు. కోటలో ఆటలు జరుగుతాయి. ఆడేవాళ్లు నా ఎదుట కళ్లెత్తరు, నేల చూసి ఆడతారు. ఆ మేఘం ఒక్కటీ... అది ఎలాగైనా దిగుతుంది కదా? ఎవడు వంగినా వంగకపోయినా?"

పేరంనాయుడు ఈ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు అనువదించాడు. అలా చేయడం అతనికి ఆ ఉద్యోగంలో అదే మొదలు.

అంబురాజు మూట విప్పేశాడు.

కట్టడం సాగింది. టేకు దూలాలు ఎక్కాయి, సున్నం పనివాళ్లు స్తంభాల మీద తీగలూ పళ్లూ మలిచారు. కోరంగి నుంచి ఓడల మీద పనిచేసే కళాసీలు వచ్చి, తెరచాపలు ఎత్తినట్టే మేఘాన్ని ఎత్తడం దించడం సాధన చేశారు. వెదురు చట్రానికి సన్నటి గుడ్డ చుట్టి, పైన దూది అద్ది, వెనక దీపాలు పెడితే అది మేఘమే అనిపించింది. వడ్రంగులు పని మానేసి చూశారు.

ఆడవలసిన ఆట, చెరువులో ఏనుగు కాలు మొసలి పట్టుకుంటే విష్ణుమూర్తి దిగివచ్చి కాపాడే కథ. ఆడేది కుప్పాసాని మేళం. కుప్పాసాని ఎన్నో రాజ్యాల్లో ఆడి, ఎందరో అధికార్లను చూసిన పెద్ద మనిషి. ఆమెను కూడా తాజీము కచేరీకి పిలిచారు.

"ఏనుగును గజరాజు అనుచున్నారు," అన్నాడు లింగన్న మంత్రి. "ఈ సంస్థానమునందు రాజు ఒక్కరే."

"మరేమనమంటారు మంత్రిగారూ?"

"గజ పేష్కారు అనవలెను. పేష్కారనగా ఉద్యోగియే గాని రాజు కాదు."

"సరే, పేష్కారునే పట్టుకుంటుంది మొసలి. దానికేం, ఎవర్నైనా పట్టుకుంటుంది," అంది కుప్పాసాని.

"విష్ణువును సర్వలోకములకును ప్రభువు అనుచున్నారు. 'మెరకవీడు సంస్థానము మినహా' అని చేర్చవలెను."

"తాళంలో ఇమడదండి."

"ఇమడవలెను."

కుప్పాసాని అక్కడే రెండుసార్లు పాడి చూసింది. 'మినహా' దగ్గర వెంట వచ్చిన మద్దెలగాడు అయోమయంలో పడిపోయాడు. ఆమె బయటికి వచ్చి అంబురాజును చూసి నవ్వింది. "దొరగారూ, మీ ఊళ్లలో కూడా ఇట్టాంటి మంత్రిగార్లు ఉంటారా?"

పేరంనాయుడు అడిగాడు. అంబురాజు జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. వేళ్లు మడుస్తూ చెప్పాడు. అన్ని వేళ్లూ అయిపోయాయి.

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. అసలు ఎవరిని ఏడిపించడానికి ఇదంతా మొదలైందో ఆ ఇసకపాడు రాజావారికి ఏ ఎత్తున కుర్చీ వేయాలో తేలక ఆహ్వానమే పంపలేదు. మిగతా ఊరంతా వచ్చింది. ఉద్యోగస్తులు, షావుకార్లు, నౌకర్లు, అందరూ వేదిక కేసి వీపు పెట్టి మెడలెత్తి కూర్చున్నారు. రాజావారిని పల్లకీలో అటక మీదికి ఎక్కించారు. వింజామరలు పట్టేవాళ్లు చోటు చాలక దూలాల మీద మోకాళ్ల మీద కూర్చున్నారు.

మద్దెల మోగింది. ఏనుగు వేషం వేసినతను చెరువులోకి దిగాడు. మొసలి కాలు పట్టింది. ఇవన్నీ రాజావారికి వినపడ్డాయి. కిందికి వంగి చూశారు. కనపడిందల్లా ఏమిటంటే ఊరి జనం ముఖాలు. వందల ముఖాలు, నోళ్లు తెరుచుకుని ఆయన్నే చూస్తున్నాయి. జనానికి కూడా వినపడుతోంది, కనపడ్డం లేదు. వాళ్లు రాజావారి ముఖం చూసి కథ ఎక్కడిదాకా వచ్చిందో ఊహించుకుంటున్నారు. రాజావారు జనం ముఖాలు చూసి అదే చేస్తున్నారు.

కుప్పాసాని మేఘం ఎక్కింది. కళాసీలు మోకులు పట్టారు. మేఘం కదిలింది. రాజావారు ముందుకు వంగారు. పైనుంచి ఆయనకు వెదురు చట్రం కనపడింది, తాళ్ల ముడులు కనపడ్డాయి, కుప్పాసాని కిరీటం నడినెత్తి కనపడింది. మేఘం ఆయనకు దూరంగా, కిందికి, ఆయన చూడలేని చోటికి వెళ్లిపోయింది.

రాజావారు లేచి నిలబడ్డారు. "నేను కిందికి వెళ్తున్నాను," అన్నారు. ఎవరైనా సమాధానం చెప్పేలోపల మెట్లు దిగడం మొదలుపెట్టారు.

తాజీము తెలిసిన ఊరు కాబట్టి ఏం చేయాలో ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. రాజావారు అయిదో అంతస్తు దిగేసరికి అక్కడున్నవాళ్లు నాలుగో దానికి పరిగెత్తారు. నాలుగో దానికి వచ్చేసరికి అందరూ మూడో దాంట్లో ఉన్నారు. షావుకార్లు ఉద్యోగస్తుల మీద, ఉద్యోగస్తులు నౌకర్ల మీద పడ్డారు. తలపాగాలు అంతస్తుల నుంచి పళ్లలా రాలాయి. రాజావారు కింది నేల మీద కాలు పెట్టే సమయానికి మెరకవీడు మొత్తం ఆ నేల మీదే ఉంది. వంగడానికి చోటు లేక అందరూ బోర్లా పడుకున్నారు. వేదిక రాజావారి నడుమెత్తున ఉంది కాబట్టి ఏనుగూ మొసలీ కూడా కిందికి దూకి, పక్క పక్కనే పడుకున్నాయి.

కళాసీలు కూడా ఈ ఊరి అన్నం తింటున్నవాళ్లే. మోకులు వదిలేసి పడుకున్నారు.

మేఘం ఒక్కసారిగా జారింది. కుప్పాసాని కెవ్వుమంది. తెర పక్కన నిలబడి ఉన్న అంబురాజు ఎగిరి మోకు పట్టుకున్నాడు. మోకు ఆయన్ను ఈడ్చుకుంటూ వేదిక అడ్డంగా తీసుకుపోయింది. చేతులు చిట్లాయి. స్తంభానికి కాలు తన్ని, రెండు చుట్లు తిప్పి బిగించాడు. మేఘం గాల్లో ఊగి ఆగింది. ఆయన ఊపిరి పీల్చుకుని, ఆ ఊరినీ, ఆ ఊళ్లో పడుకున్నవాళ్లందర్నీ ఉద్దేశించి గొంతు పగిలేలా ఏదో అరిచాడు.

నేల మీదనుంచి పేరంనాయుడి గొంతు వినిపించింది. "చిత్తం అంటున్నారండి."

రాజావారు పడుకున్న మనుషుల మధ్య జాగ్రత్తగా అడుగులేస్తూ వేదిక ముందుకి వచ్చారు. తలెత్తారు. కింది నుంచి వెదుర్లు కనపడ్డం లేదు, తాళ్లు కనపడ్డం లేదు. దీపాల వెలుగులో తెల్లగా, బంగారంగా మేఘం ఉంది. దాని అంచున, శంఖం చేత్తో పట్టుకుని కుప్పాసాని ఉంది. ఆమె కూడా రాజావారిని చూసింది. కళ్లు దించుకుందామంటే దించే దారి లేదు. కింద ఉన్నది ఆయనే.

రాజావారి తలపాగా వెనక్కి జారి పడిపోయింది. తీసుకోలేదు. మెడ నొప్పి పుట్టేదాకా అలాగే చూశారు. ఆ తర్వాత, అక్కడే, ఏనుగు పక్కన కొంచెం చోటు చేసుకుని నేల మీద వెల్లకిలా పడుకున్నారు.

లింగన్న మంత్రికి ఆ క్షణంలో లోకం ఆగిపోయింది. ప్రభువు తల నేలను తాకింది. ప్రజల తలలు అంతకన్నా కిందికి పోవాలి. పోవడానికి చోటు లేదు. ఆయన తన ముక్కును నేల మీద పరిచిన చెక్కకు అదిమి అదిమి చూశాడు. ముక్కు చిట్లింది కాని చెక్క ఒప్పుకోలేదు. పక్కనున్న షావుకారు "ఇప్పుడేం చేయాలండీ?" అని గుసగుసగా అడిగాడు. తాతల కాలం నుంచి నేమాని వారిని ఎవరూ జవాబు లేని ప్రశ్న అడగలేదు. లింగన్న మంత్రికి ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే ఆలోచించాడు. కోటలో రాజావారు నిద్రపోతున్నప్పుడు పైన మిద్దె మీద కాపలావాళ్లు తిరుగుతూనే ఉంటారు. దానికి తాజీము అభ్యంతరం చెప్పదు. ఎందుచేత?

ఆయన లేచి మోకాళ్ల మీద కూర్చుని, రక్తం తుడుచుకుని, ప్రకటించాడు. "శ్రీవారు శయనించియున్నారు! నిద్రించు ప్రభువు ఎత్తుపల్లములకు అతీతుడు. ఎల్లరును లేవవచ్చును. ఎట్లైనను కూర్చొనవచ్చును. ఆట సాగవచ్చును."

"నేను నిద్రపోవడం లేదు లింగన్నా," అన్నారు రాజావారు, మేఘం మీంచి కళ్లు తిప్పకుండా.

"శ్రీవారు పలవరించుచున్నారు," అన్నాడు లింగన్న మంత్రి.

జనం లేచి బట్టలు దులుపుకున్నారు. ఏనుగూ మొసలీ వేదిక ఎక్కాయి. మద్దెల మళ్లీ మోగబోయింది. లింగన్న మంత్రి చెయ్యెత్తి ఆపాడు.

"నిశ్శబ్దము! శ్రీవారి నిద్రకు భంగము కలిగించుట మహాపరాధము. ఆట సాగవచ్చును గాని పాట పాడరాదు, మాట ఆడరాదు, వాద్యము మోగరాదు."

మద్దెలగాడు చేతులు గాల్లోనే ఉంచేశాడు. అంబురాజు రక్తం కారుతున్న చేతుల్తో తల పట్టుకుని స్తంభం కింద కూలబడ్డాడు.

"పాడమనండి," అన్నారు రాజావారు. గొంతులో బతిమాలడం ఉంది. "లింగన్నా, పాడమను."

"పలవరింతను ఆజ్ఞగా స్వీకరించరాదు," అన్నాడు లింగన్న మంత్రి. ఆయన రాజావారి ముఖం చూశాడు. ఆ ముఖాన్ని అంత దగ్గరగా, తలెత్తి చూడడం ఆయనకూ అదే మొదటిసారి.

అప్పుడు పైనుంచి కుప్పాసాని పిలిచింది. "మంత్రిగారూ! ఒక్క మాట. నిద్దరోయేవాళ్లకి జోల పాడొచ్చాండీ?"

లింగన్న మంత్రి కళ్లు మూసుకుని, తాతగారి నిబంధనలన్నీ మొదటి నుంచి చివరి దాకా మనసులో తిరగేశాడు.

"జోలకు..." అని, ముక్కు తుడుచుకుని, "జోలకు నిషేధము కనబడుట లేదు," అన్నాడు.

కుప్పాసాని మేఘం మీద సర్దుకుని కూర్చుని, విష్ణుమూర్తి రాకను జోలలా ఎత్తుకుంది. ఏనుగు అదే వరసలో, పాలు తాగించి ఊపుతున్నట్టు, "నా కాలు పట్టెరా మొసలి" అని మెల్లగా మొరపెట్టుకుంది. మొసలి కూడా లాలిపాటలోనే "వదలనుర నిను నేను" అంది. గజ పేష్కారని ఎవరూ అనలేదు, మినహాలు ఎవరూ చేర్చలేదు. లింగన్న మంత్రి ఆ సంగతి గమనించనట్టు వేరే దిక్కు చూశాడు. కళాసీలు మోకు అందుకున్నారు. మేఘం, ఈసారి సరిగ్గా, మెల్లమెల్లగా రాజావారి మీదికి దిగింది. జనం తమ పీటల్ని ఎవరికి తోచినట్టు వాళ్లు తిప్పుకుని చూశారు.

రాజావారు నవ్వుతున్నారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. దివాణం దస్త్రంలో మాత్రం శ్రీవారు నాటకశాలయందు సుఖముగా నిద్రించినట్టు రాశారు.

ఆ తర్వాత మెరకవీడులో అదే పద్ధతి స్థిరపడింది. వేదిక ముందు రాజావారికి ఒక మంచం వేసేవారు. ఆయన పడుకుని, కళ్లు విప్పార్చి చూసేవారు. ఊరంతా ఆయన నిద్రపోతున్నారని ఒప్పుకునేది. ఆటలన్నీ జోలలయ్యాయి. యుద్ధాలు జోలలో జరిగేవి, రాక్షసులు లాలిస్తూ బెదిరించేవారు, చచ్చేవాళ్లు ఊయల ఊగినట్టు చచ్చేవారు. అటక మీది గదిలో పావురాలు చేరాయి. మెరకవీడు ప్రభువుకు నిద్రపోవడానికే అయిదంతస్తుల మేడ ఉందని విని ఇసకపాడు రాజావారు గడియారాన్ని మూలన పడేసి, తమకు ఏడంతస్తులది కావాలని అంబురాజుకు కబురు పంపారు.

అంబురాజు వెళ్లలేదు. చేతుల గాయాలు మానాక, ఓడ దొరికిందని చెప్పి రాజావారి దగ్గర సెలవు తీసుకోవడానికి వచ్చాడు. ఆట మధ్యలో వచ్చాడు కాబట్టి మంచం పక్కనే పీట వేశారు. వేదిక మీద ఎవరో ఎవర్నో జోకొడుతూ చంపుతున్నారు. లింగన్న మంత్రి కాస్త దూరంలో కూర్చుని, తెలియకుండానే తాళం వేస్తున్నాడు.

"అంబురాజు గారూ," అన్నారు రాజావారు గొంతు తగ్గించి, "మీ దేశాల్లో రాజులు ఎలా చూస్తారు? కూర్చునేనా?"

పేరంనాయుడు అడిగాడు.

"కూర్చునే చూస్తారు మహాప్రభో. ముందు వరసలో, బంగారు కుర్చీల్లో. వాళ్లకు ఎవరూ అడ్డం చెప్పరు," అన్నాడు అంబురాజు. తాను కట్టిన నాటకశాలల్నీ, వాటిలో కూర్చున్న ప్రభువుల్నీ ఒక్కొక్కరినే గుర్తు చేసుకున్నాడు. "కాని వాళ్లలో చాలామంది నిజంగానే నిద్రపోతారు."

రాజావారు ఆశ్చర్యంగా ఆయన వంక చూశారు. అంతలో మేఘం దిగడం మొదలైంది. ఆయన గబుక్కున అటు తిరిగారు.

"పాపం," అన్నారు.